బ్యాలెట్ తీరు మారితే ఓటు కూడా మారుతుందా?

"బ్యాలెట్ ఎలా ఉన్నా చదువుకున్నవాళ్లకు ఇబ్బందేముంది, చదువురానివాళ్లే కదా ఓటు పాడుచేసుకునేది" అని ఒకరు నన్ను అడిగారు. కాదండీ. నేను కావలి దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్‌ని, ఎన్నికల డ్యూటీలకు ఏళ్లుగా వెళ్తున్నాను. నా అనుభవం ఇందుకు పూర్తిగా వేరు.

2023 మార్చిలో మన ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. ఓటర్లంతా డిగ్రీ చదివినవాళ్లే. ఆ బ్యాలెట్‌లో నొక్కడానికి బటన్ లేదు, పార్టీ గుర్తు లేదు. మొదటి ప్రాధాన్యం ఇచ్చే పేరు ఎదురుగా 1 అని అంకె వేయాలి. తర్వాతి ప్రాధాన్యాలకు 2, 3 వేయడం మన ఇష్టం. బూత్‌లో ఇచ్చిన వంకాయరంగు స్కెచ్ పెన్‌తోనే రాయాలి. జేబులో పెన్ను తీసి రాసినా, టిక్కు పెట్టినా, "ఒకటి" అని అక్షరాల్లో రాసినా, ఇద్దరికీ 1 వేసినా ఆ ఓటు చెల్లదు.

బయటికొచ్చాక ఒక లెక్చరర్ గారు నాతో అన్న మాట ఇది: "టిక్కు పెట్టి, పక్కన సంతకం కూడా చేశానయ్యా, రేపు ఎవరూ మార్చడానికి వీల్లేకుండా." జీవితమంతా పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి! ఆయన తెలివితక్కువవాడు కాదు. ఏ కాగితానికైనా సంతకంతోనే విలువ వస్తుందని మనకు నేర్పారు, ఈ ఒక్క కాగితం మాత్రం సంతకం పెడితే చెత్తబుట్ట పాలవుతుంది. అలా వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలక రెండో ప్రాధాన్యం దాకా వెళ్లిన ఎన్నికలో అన్ని ఓట్లు పోవడం చిన్న విషయమా?

దీనికి భిన్నంగా 2021 పంచాయతీ ఎన్నికల్లో అక్షరం రాని పెద్దమ్మలు స్వస్తిక్ ముద్ర చక్కగా వేశారు. ఆ పద్ధతి వాళ్లకు తరతరాల అలవాటు. అక్కడ తగాదా మడతతో వచ్చింది. సిరా ఆరకముందే అడ్డంగా మడిస్తే ముద్ర కింది గుర్తు మీద కూడా అంటుకుంటుంది. లెక్కింపులో అలాంటిదొకటి బయటపడగానే రెండు పక్షాల ఏజెంట్లూ బల్ల మీదికి వంగారు. అసలు ముద్ర చేతులు ఒకవైపు తిరిగి ఉంటాయి, అంటుకున్న మరక అద్దంలో చూసినట్టు ఎదురువైపు తిరిగి ఉంటుంది. అధికారి అది చూపించగానే గొడవ సద్దుమణిగింది. ముద్ర గుండ్రటి చుక్కైతే ఆ ఓటు పోయేదే. ఆలోచించి చేసిన ఏర్పాటంటే ఇదీ.

ఈవీఎంలో అంకెలు, మడతలు లేవు. అక్కడ చిక్కంతా గుర్తులతో. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కారు గుర్తు అభ్యర్థి 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయారు. రోడ్డు రోలర్ గుర్తుకు 27,973 ఓట్లు పడ్డాయి. అవన్నీ కారు ఓట్లే అని ఎవరూ రుజువు చేయలేరు, కానీ చిన్న నలుపు-తెలుపు బొమ్మలో ఆ రెండూ చూపు తక్కువైన పెద్దవాళ్లకు ఎలా కనిపిస్తాయో ఊహించండి. అదే ఏడాది మన రాష్ట్రంలో ఫ్యాను, హెలికాప్టర్ మీద ఇదే ఫిర్యాదు వచ్చింది. ఒకే పేరున్న అభ్యర్థులను పోటీకి దింపే ఎత్తుగడ పాతదే, దానికి విరుగుడుగానే 2015 నుంచి బ్యాలెట్‌పై ఫోటో పెడుతున్నారు. నా దృష్టిలో అది చాలా మంచి మార్పు.

అమెరికాలోనూ ఇంతే. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో పేర్లు రెండు వైపులా, పంచ్ చేసే రంధ్రాలు మధ్యలో ఉండేలా బ్యాలెట్ అచ్చేశారు. అల్ గోర్‌కు వేయబోయి చాలామంది మరో అభ్యర్థి బుకానన్ రంధ్రం గుచ్చారు. గోర్ ప్రధాన ప్రత్యర్థి బుష్ ఫ్లోరిడాలో గెలిచింది కేవలం 537 ఓట్లతో.

కాబట్టి ఓటర్లను తప్పుపట్టేముందు వాళ్ల చేతికిచ్చిన కాగితం చూడండి. ఎమ్మెల్సీ ఎన్నికలో పెన్నుతో పాటు, ఎలా రాస్తే చెల్లుతుందో పెద్ద అచ్చులో బూత్ లోపలే, రాసే బల్ల దగ్గర అంటించాలని నేను డ్యూటీకి వెళ్లిన ప్రతిసారీ అడుగుతున్నాను. బయట గోడకు అంటించిన నోటీసు లోపలికి వెళ్లేసరికి గుర్తుండదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు: కాగితపు బ్యాలెట్ మీద పొరపాటున తప్పు రాస్తే పెట్టెలో వేయకండి. ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు తిరిగి ఇచ్చి సంగతి చెప్పండి, ఆయనకు నమ్మకం కుదిరితే అది రద్దుచేసి కొత్తది ఇస్తారు. పెట్టెలో పడ్డాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.