దశరథ గడ్డి మొలవకపోతే విత్తనాన్ని తప్పుపట్టకండి

కొబ్బరి తోట గట్టు మీద దశరథ గడ్డి (పశువుల మేతకు పెంచే పప్పుజాతి మొక్క) చల్లి ఇరవై రోజులైనా నాలుగైదు మొక్కలే వచ్చాయని ఒక రైతు అన్నారు. విత్తనం పుచ్చిపోయి ఉండదండి. దాని పైపెంకు రాయిలా ఉంటుంది, నీరు లోపలికి పోదు. మామూలు నీళ్లలో ఎంత నానబెట్టినా అంతే. మొదటిసారి నేనూ విత్తనాలు ఇచ్చినాయన్ని తిట్టుకున్నాను.

అందరూ వదిలేసేది వేడినీటి పని. ఇలా చేయండి:

1. మూడు గ్లాసుల మరిగే నీళ్లలో ఒక గ్లాసు చన్నీళ్లు కలపండి. సుమారు 80 డిగ్రీలకు వస్తుంది, థర్మామీటర్ అక్కర్లేదు. పొయ్యి మీద మాత్రం ఉంచొద్దు, విత్తనం ఉడికిపోతుంది.

2. విత్తనాలు పోసి 4 నిమిషాలు కలపండి. వెంటనే వంచేసి, చన్నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి.

3. పొద్దున్నే చూడండి. ఉబ్బినవి సిద్ధమైనట్టే. ఉబ్బనివి ఏరి, మళ్లీ అలాగే వేడినీళ్లు కలిపి అందులో వేయండి. ఇది చూడకుండా అన్నీ కలిపి చల్లితే మళ్లీ మొదటికొస్తారు.

4. నీడలో ఆరబెట్టి, ఎండ తగిలే గట్టు అంచున సాళ్లలో వేయండి. సెంటీమీటరుకు మించి లోతు వద్దు. మన నల్లరేగడి పైన గట్టిపడితే మొలక పైకి రాలేదు, అందుకే పైన కాస్త పశువుల ఎరువు పొడి చల్లండి.

నీళ్లు నిలిచే చోట వేయొద్దు. మొదటి కోత మూడు నెలలకు, తర్వాత 40-45 రోజులకోసారి. గేదెకు దీన్నొక్కదాన్నే వేయకుండా ఒక వంతుకు మూడు వంతుల పచ్చగడ్డి కలపండి.