ముందు గడ్డిని వెతుకు

అమ్మలూ,

మార్ష్ సిల్ఫ్ సీతాకోకచిలుక ఫొటో కోసం మూడు ఆదివారాలు తిరిగి ఉత్త చేతులతో వచ్చానని రాశావు. జొహానెస్‌బర్గ్ వచ్చిన కొత్తలో నాదీ అదే కథ. నువ్వు పూలున్న చోట కాపు కాస్తున్నావు. దాన్ని వెతకాల్సింది పూల దగ్గర కాదు, గడ్డిలో.

ఆ గడ్డి పేరు లీర్సియా హెక్సాండ్రా. వరికి దగ్గర చుట్టం. మన వైపు చేల గట్ల వెంట, కాలవల్లోనూ పెరుగుతుంది. మార్ష్ సిల్ఫ్ గొంగళిపురుగు తినేది ఇదే. ఆకు అంచు రంపంలా ఉంటుంది. ఓసారి వట్టి చేత్తో దూసి చూశాను, రెండు వేళ్లు కోసుకుపోయాయి. చిన్నప్పుడు కలుపు తీసినవాణ్ణి, నాకైనా తెలియొద్దూ!

ఇక్కడ ఈ గడ్డి హైవెల్డ్ (జొహానెస్‌బర్గ్ ఉన్న ఎత్తైన పీఠభూమి) పచ్చిక బయళ్లలో, నీళ్లు నిలిచే పల్లాల్లో ఉంటుంది. వాటిని ఇక్కడివాళ్లు 'ఫ్లే' అంటారు. బోర్డు మీద వి, ఎల్ అక్షరాలతో మొదలవుతుంది, చూసి తికమకపడకు. ఊళ్లు పెరిగి, బొగ్గు గనులు పడి ఇలాంటి పల్లాలు చాలా పోయాయి. ఉన్నవి కూడా చాలావరకు ఎవరివో పొలాలు, అడక్కుండా కంచె దాటకు.

గడ్డి దొరికాక కదలకుండా కూర్చో. సీతాకోకచిలుక రెక్కలు చాపితే సుమారు మూడు సెంటీమీటర్లు, పైన ముదురు గోధుమ రంగు. ఇది స్కిప్పర్లనే చిన్న సీతాకోకచిలుకల జాతిది, కానీ మిగతా వాటిలా దూసుకుపోదు, గడ్డి మధ్య కిందకిందే మెల్లగా ఎగురుతుంది. ఏదో పురుగులే అని నేను చాలాసార్లు వదిలేశాను. 1873లోనే రోలండ్ ట్రైమెన్ అనే కీటక శాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు, మనకేమో ఇప్పటికీ కంటికి ఆనదు! చాలా గడ్డి స్కిప్పర్లు వాలినప్పుడు ముందు రెక్కలు ఒకలా, వెనక రెక్కలు ఒకలా పెడతాయి. ఇది అలా పెట్టదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా సీజను. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చెయ్. ఇక్కడి వేసవిలో సాయంత్రాలు పిడుగులు పడతాయి, ఆ బయల్లో అందరికంటే ఎత్తుగా నిలబడేది నువ్వే. ప్యాంటు సాక్సులో దోపుకో, పిడుదులుంటాయి. ఒంటి మీద నల్లటి పొక్కు కనబడి జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. రబ్బరు బూట్లు నీ సైజు ఎంతో చెప్పు.

మామయ్య