ఇంటికొచ్చి తొట్టెల్లో టార్చి వేసి చూసి ఏం రాసుకుంటారు?

ప్రశ్న: విశాఖలో మా వీధికి ఆరోగ్య సిబ్బంది వచ్చి నీళ్ల డ్రమ్ములు చూసి వెళ్లారు. ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు కదా, ఎందుకు?

జ్వరం రాకముందే చూడాలి, అందుకే వచ్చారు. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాదు, మనం నిల్వ చేసుకున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. డ్రమ్ములోకి టార్చి వేస్తే పిల్లపురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతాయి. వాళ్లు వెతికేది వాటినే.

రాసుకున్నవాటితో 3 లెక్కలు కడతారు. 100 ఇళ్లు చూస్తే 8 ఇళ్లలో పురుగులు కనిపించాయనుకోండి, హౌస్ ఇండెక్స్ 8. ఆ 100 ఇళ్లలో నీళ్లున్న పాత్రలు 300, వాటిలో పురుగులున్నవి 15 అయితే, 100 పాత్రలకు 5 చొప్పున, కంటైనర్ ఇండెక్స్ 5. 100 ఇళ్లకు 15 పాత్రలు కాబట్టి బ్రెటో ఇండెక్స్ 15. నాకు ఎక్కువ ఉపయోగంగా అనిపించేది ఈ చివరిదే, ఎందుకంటే ఇళ్లనూ పాత్రలనూ కలిపి చూస్తుంది. అయితే పిల్లపురుగుల లెక్క బట్టి ఎంతమందికి జ్వరం వస్తుందో కచ్చితంగా చెప్పలేం. ముందు ఏ వీధికి వెళ్లాలో మాత్రం తెలుస్తుంది.

కొండవాలు కాలనీల్లో కుళాయి వచ్చినప్పుడే పట్టి దాచుకోవాలి, నీళ్లు పారబోయమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. బిగుతుగా మూత పెట్టినా చాలు. గుడ్డు దోమ కావడానికి మన వేడిలో సుమారు వారం పడుతుంది. అందుకే వారానికోసారి తొట్టె ఖాళీ చేసి గోడలు పీచుతో గట్టిగా రుద్దమంటారు. గుడ్లు గోడకే అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికుంటాయి. ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే కూడా ఒకసారి లాగి చూడండి.