జర్మన్ బిషప్పుల పాత వెండి నాణేలకు ఒకవైపే బొమ్మ ఎందుకు?

రేకు మరీ పలచన కావడం వల్ల రెండువైపులా వేర్వేరు బొమ్మలు కొడితే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి, అందుకే ఒక్క అచ్చుతోనే ముద్రించేవారు. తోలులాంటి మెత్తని దానిమీద వెండి రేకు పరిచి, పైన అచ్చు పెట్టి సుత్తితో కొడితే ముందువైపు బొమ్మ ఉబ్బెత్తుగా, వెనకవైపు అదే బొమ్మ గుంటగా పడుతుంది. బ్రాక్టియేట్లు అనే ఈ పెన్నీలు (చిన్న వెండి నాణేలు) 12వ శతాబ్దంలో చలామణీలోకి వచ్చాయి. సాధారణంగా ఒక్కోటి 1 గ్రాము లోపే తూగుతుంది.

అంత పలచన రేకు తేలిగ్గా వంగుతుంది, పగులుతుంది. అయినా సరిపోయేది, ఎందుకంటే ఆ నాణెం ఎక్కువకాలం మన్నాల్సిన పనే లేదు. పాతవి రద్దుచేసి కొత్తవి ఇవ్వడం పాలకులకు ఒక రకం పన్ను. మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్ విక్‌మన్ ఏడాదికి రెండుసార్లు నాణేలు మార్పించేవాడు. 12 పాతవి ఇస్తే 9 కొత్తవి రావడం ఆ కాలంలో తరచూ కనిపించే రేటు, తేడా పాలకుడిదే. ఇంత స్వల్పకాలానికి చెక్కిన అచ్చుల్లో అంత నాజూకు పనితనం ఉండటం నిజంగా అబ్బురం.

వెనకవైపు గుంటలు చూసి చాలామంది నాణెం అరిగిపోయిందనో, నకిలీ అనో అనుకుంటారు. అది తయారీ పద్ధతి వదిలిన గుర్తు మాత్రమే. చర్చి అధిపతులు దొంగచాటుగా ముద్రించారన్నదీ పొరపాటే: క్వెడ్లిన్‌బర్గ్ మఠాధిపతురాలికి 994లో జర్మన్ రాజు మూడో ఒట్టో స్వయంగా టంకశాల హక్కు ఇచ్చాడు.