నెల్లూరులో తోటకి పండగ లైట్లు పెట్టాలంటే ముందు వాన సంగతి చూసుకోండి

కొత్త ఇంటి ముందు నాలుగు చెట్లున్నాయి, దసరా నుంచి సంక్రాంతి దాకా లైట్లు పెట్టాలని ఉంది, పిల్లలకి ఊళ్లో లైట్లు చూపించడానికి ఎక్కడికి తీసుకెళ్లాలి అని అడిగారు కదా. మేం పదేళ్లుగా పెడుతున్నాం. మొదటి ఏడాది చేసిన తెలివితక్కువ పనితోనే మొదలుపెడతాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ఆ దీపావళికి రోడ్డు పక్కన బండి మీద సీరియల్ సెట్లు చవగ్గా దొరికాయని మా ఆయన పద్నాలుగు తెచ్చాడు. మామిడి చెట్టుకి, పారిజాతానికి, గేటుకి, పిట్టగోడకి, ఆఖరికి బట్టలారేసే తీగకి కూడా చుట్టేశాం. వీధిలో అందరూ ఆగి చూశారు. రాత్రి తొమ్మిదింటికి వాన మొదలైంది. మా అత్తయ్య గేటు వేయడానికి వెళ్లి "చెయ్యి జివ్వుమంది, ఏందిదీ" అంటూ వెనక్కి వచ్చేసింది. కాలికి రబ్బరు చెప్పులున్నాయి కాబట్టి అంతటితో పోయింది. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, గేటుకి తీగ బిగించిన చోట ఇనుప చువ్వ అంచు ఒరుసుకుని పైతొడుగు తెగి ఉంది.

ఆ అబ్బాయి చెప్పింది అప్పటిదాకా మాకు తెలియని సంగతి. చవక సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గు దగ్గర కనిపించే చిన్న డబ్బా మిణుకు మిణుకుమనిపించడానికే. 230 వోల్టులూ నేరుగా ఆ సన్నటి తీగలోకే వెళ్తాయి. ఒక్కో బల్బుకి మూడు వోల్టులే కదా అనుకుంటాం గానీ, అవన్నీ వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి తీగ ఎక్కడ తెగినా అక్కడ షాక్ కొట్టొచ్చు. మెయిన్ బోర్డులో ఎంసీబీ ఉంది, అదే పడిపోయి కరెంటు ఆపేస్తుందిలే అనుకోకండి. లోడు ఎక్కువైనా, రెండు తీగలు కలిసినా అది పడుతుంది. మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోయే కాస్త కరెంటుని అది పట్టుకోలేదు. దానికి ఆర్‌సీసీబీ అని వేరే ఉంటుంది, ఇళ్లకి 30 మిల్లీ ఆంపియర్లది వేస్తారు. లైట్ల మీద పెట్టే డబ్బులో సగం ముందు దానికి పెట్టండి. నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

యూట్యూబ్‌లో తోట అలంకరణ వీడియోలు చేసేవాళ్లకి మన సమస్య తెలియదు. హైదరాబాద్‌లో దీపావళి వచ్చేసరికి వానలు వెళ్లిపోతుంటాయి. మనకి అప్పుడే మొదలు. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, తుపాన్లు, అన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మేం అప్పుడే క్రిస్మస్ స్టార్ కట్టి ఉన్నాం. గాలికి దాని వెదురు బద్దలు కూడా మిగల్లేదు. (మాది క్రైస్తవ ఇల్లు కాదు. ఒంగోల్లో మా పుట్టింటి వీధిలో డిసెంబరు వస్తే ప్రతి మేడ మీదా రంగు కాగితం స్టార్ వేలాడేది. అది లేకపోతే నాకు డిసెంబరు వచ్చినట్టే ఉండదు. అత్తయ్య మొదట్లో మూతి ముడిచేది, ఇప్పుడు నేను మర్చిపోతే తనే గుర్తు చేస్తుంది.)

అందుకని ఇప్పుడు మేం అడాప్టరుతో వచ్చే 12 లేదా 24 వోల్టుల సెట్లే కొంటున్నాం. ధర రెండు మూడింతలు ఉంటుంది, నిజమే. అడాప్టరు వరండా లోపల, గోడకి ఎత్తుగా ఉండాలి. బయటికి వెళ్లేది తక్కువ వోల్టేజీ తీగ మాత్రమే. పెట్టె మీద ఐపీ 44 అనో ఐపీ 65 అనో ఉందేమో చూడండి. అందులో రెండో అంకె నీళ్ల గురించి. 4 అంటే తుంపర్లు తట్టుకుంటుంది, 5 అంటే పైపుతో కొట్టినా తట్టుకుంటుంది. ఐపీ 20 అని ఉంటే అది ఇంట్లో దేవుడి గదికే. సోలార్ లైట్లు కూడా కొని చూశాం. సంక్రాంతికి బాగానే వెలిగాయి గానీ, కార్తీకంలో రెండు రోజులు మబ్బు పట్టిందంటే రాత్రి ఎనిమిదింటికే కళ్లు మూసేస్తాయి.

కరెంటు బిల్లు గురించి మాత్రం టెన్షన్ వద్దు. ఎనిమిది సెట్లు, ఒక్కోటి 5 వాట్లు అనుకుంటే మొత్తం 40 వాట్లు. రోజుకి ఐదు గంటలు వెలిగిస్తే పది రోజులకి రెండు యూనిట్లు.

ఎక్కడెక్కడ పెట్టాలి అంటే, అన్ని చెట్లకీ చుట్టొద్దు. పద్నాలుగు సెట్లు పెట్టిన ఏడాది మా తోట పెళ్లి మంటపంలా ఉందే తప్ప చెట్టేదో గోడేదో తెలియలేదు. ఇప్పుడు పిట్టగోడకి ఒకటి, నందివర్ధనం పొద లోపల ఒకటి, వరండాకి రెండు, అంతే. పొద మీద కాకుండా లోపల, కాండం దగ్గర పెడితే ఆకుల సందుల్లోంచి వెలుగు వస్తుంది, తీగ కనిపించదు. రంగురంగులవి వరండాకి ఉంచి, చెట్లకి పసుపు ఛాయ వెలుగు పెట్టండి. తెల్లటి వెలుగులో ఆకులు ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి. మామిడి చెట్టు మీద గోరింకలు నిద్రపోతాయని తర్వాత గమనించాం. మిణుకు మిణుకుమనే లైట్లు పెట్టిన రోజుల్లో రాత్రంతా ఒకటే గోల. అప్పట్నుంచి దాన్ని వదిలేశాం, మిగతావి కూడా పదింటికల్లా ఆపేస్తాం.

కార్తీక పౌర్ణమి నాడు అసలు స్విచ్ వేయం. ఆ సాయంత్రం అత్తయ్య తులసికోట దగ్గర 365 వత్తులు వెలిగిస్తుంది. ఒకసారి లైట్లు ఆపడం మర్చిపోయాం. అన్ని వత్తులు మండుతున్నా, ఆ వెలుగు ముందు వెలవెలబోయాయి. నూనె దీపానికి చుట్టూ చీకటి కావాలి.

ఇక ఊరు. దసరాకి దర్గామిట్ట రాజరాజేశ్వరమ్మ గుడి తప్పకుండా చూపించండి. తొమ్మిది రాత్రులూ అలంకారం మారుతుంది. పిల్లలుంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే వెళ్లిరండి, మూలా నక్షత్రం నుంచి జనంలో పిల్లల చేతులు వదలడానికి ఉండదు. కారు మాత్రం ఇంట్లోనే ఉంచి స్కూటర్ మీదో ఆటోలోనో వెళ్లండి. దీపావళికి ఊళ్లో తిరగొద్దు, పొగ తప్ప ఏమీ కనిపించదు. మేడ ఎక్కితే ఊరంతా అక్కడే కనిపిస్తుంది.

క్రిస్మస్‌కి చర్చీలు 24 సాయంత్రం చూడండి. ఒంగోలు వెళ్లే వీలుంటే పగలే చేరుకుని పిల్లలకి ప్రార్థన కొండ చూపించండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జ్యూయెట్ దంపతులు కొందరితో కలిసి దాని మీద ప్రార్థన చేశారు, ఆ పేరు అలా వచ్చింది. చీకటి పడ్డాక వీధుల్లో స్టార్లు లెక్కపెట్టమంటే పిల్లలు కారులో అల్లరి చేయరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వైకుంఠ ఏకాదశి. రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి గుడికి తెల్లవారుజామునే ఉత్తర ద్వార దర్శనానికి వెళ్తాం. ట్రాఫిక్ ఉండదు, పెన్న మీంచి చలిగాలి వస్తుంటుంది, లైట్లు పెట్టిన గాలిగోపురం కింద నిలబడి తలెత్తితే పిల్లల నిద్రమత్తు అక్కడే వదిలిపోతుంది. స్వెట్టర్లు మర్చిపోకండి.

మీరు దసరా నుంచి సంక్రాంతి దాకా అన్నారు గానీ, ఒకటి ఆ లెక్కలోకి రాదు. రొట్టెల పండగ మొహర్రం నెలలో కదా, ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంటుంది. బారాషహీద్ దర్గా లైట్లన్నీ పక్కనే ఉన్న స్వర్ణాల చెరువులో ఇంకోసారి కనిపిస్తాయి. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుంటారు. మా అత్తయ్య మనవడి కోసం చదువు రొట్టె తీసుకుంది. వాడు లైట్లు చూస్తూ దాన్ని అక్కడే సగం తినేశాడు.