1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడిన బాంబులు మనకేం నేర్పాయి?

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నిజంగానే వైజాగ్ మీద బాంబులు వేసిందా, వేస్తే దాన్నుంచి మనం నేర్చుకున్నది ఏమైనా ఉందా అని అడిగారు.

వేసింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు. కాకినాడ మీద కూడా అదే రోజు వేసింది. వైస్ అడ్మిరల్ ఒజావా నడిపిన దళం ఆ రోజుల్లో బంగాళాఖాతంలో సరుకు ఓడలను వరసగా ముంచుతూ తిరిగింది. అందులో ఉన్న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన తీరం మీదికి వచ్చాయి. విశాఖలో వాటి గురి పోర్టు, అక్కడున్న ఓడలు. ప్రాణనష్టం పెద్దగా లేదు. కానీ రోజుల వ్యవధిలో ఊరు ఖాళీ అయిపోయింది.

నేను పుట్టి పెరిగింది విశాఖలోనే. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా తాతయ్య పోర్టులో కళాసీ. మా అమ్మమ్మ అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, వన్ టౌన్‌లో కోటవీధి దగ్గర ఉండేవాళ్ళు. ఆవిడ చెప్పినదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. దీన్ని అందరూ ఆకస్మిక దాడి అంటారు. ఎవరికి ఆకస్మికం? తేదీలు చూడండి. 1941 డిసెంబరు 23న బర్మా రాజధాని రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న జపాన్ సైన్యం అండమాన్‌లో దిగింది. ఏప్రిల్ 4న సిలోన్ (ఇప్పటి శ్రీలంక) దగ్గర గస్తీ తిరుగుతున్న కెనడా పైలట్ బిర్చాల్ జపాన్ నౌకలను చూసి, తన విమానం కూలిపోయేలోపే వైర్‌లెస్‌లో కబురు పంపాడు. మర్నాడు ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి జరిగింది. ఆ మర్నాడు మన వంతు. సముద్రంలో శత్రువు ఉన్నాడని ప్రభుత్వానికి తెలుసు. తూర్పు తీరానికి ఉన్న రక్షణ అంతంతమాత్రమేనని కూడా తెలుసు. ఈ రెండూ తెలియనిది వన్ టౌన్‌లో అన్నం వండుకుంటున్న మా అమ్మమ్మకి.

నిజానికి ఆవిడకి కూడా కొంత తెలుసు. ఎలాగంటే రంగూన్ నుంచి తిరిగొచ్చిన వాళ్ళ వల్ల. ఇది చాలా పుస్తకాల్లో పక్కకు పోయే సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి తరాల తరబడి మనవాళ్ళు బర్మా వలస వెళ్ళారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. డిసెంబరు 23న అక్కడ తొలి దాడి జరిగినప్పుడు జనం విమానాలను చూడటానికి వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. బాంబు పెంకులు అలా నిలబడ్డ వాళ్ళనే కోసేశాయి. ఒక్క రోజులో వేయి మందికి పైగా పోయారు. దొరికిన ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు కొందరైతే, అడవుల్లో పడి నడిచి వచ్చినవాళ్ళు మరికొందరు. దారిలో పోయినవాళ్ళు ఎంతోమంది.

అమ్మమ్మ వాళ్ళ పక్కింట్లో అలా తిరిగొచ్చిన కుటుంబం ఉండేది. భర్తను రంగూన్‌లో పోగొట్టుకుని ఇద్దరు పిల్లలతో వచ్చిన ఆవిడ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పేదట: "ఇమానాలొస్తే సూడ్డానికి గుమ్మంలోకి ఎల్లకండమ్మా, గోడవారన బోర్లా పడుకోండి. సప్పుడు ఆగినా ఎంటనే లెగకండి." ఏప్రిల్ 6న చప్పుడు వినగానే అమ్మమ్మ చేసింది అదే. తనకు ఆ మాట చెప్పింది పక్కింటావిడే తప్ప ఏ ఆఫీసరూ కాదని ఆవిడ చివరిదాకా అనేది.

రెండు రోజుల్లో వాళ్ళు బండి కట్టించుకుని విజయనగరం వైపు వెళ్ళిపోయారు. తాతయ్య మాత్రం పోర్టు పని వదల్లేక ఉండిపోయాడు. రోడ్డు పొడవునా ఎడ్లబళ్ళేనట, మంచాలు, బిందెలు, మేకలు. దీన్ని 'జనం భయంతో పారిపోయారు' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. రంగూన్‌లో ఏం జరిగిందో కళ్ళారా చూసినవాళ్ళు పక్కింట్లోనే ఉన్నప్పుడు ఊరు వదలడం తెలివైన పని. అసలైన గాభరా పైస్థాయిలో కనిపించింది. మద్రాసు మీదికి జపాన్ నౌకలు వచ్చేస్తున్నాయన్న తప్పుడు సమాచారం నమ్మి ప్రభుత్వమే ఊరు ఖాళీ చేయమంది. దాడి జరిగితే తప్పించుకుంటాయని అక్కడి జూలో క్రూర జంతువులను కాల్చి చంపించారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డులో తయారైన మొదటి ఓడ, జల ఉష, నీళ్ళలోకి దిగింది 1948 మార్చి 14న. ఆ ఆలస్యానికి యుద్ధం ఒక ముఖ్య కారణం.

ఇక గుణపాఠం సంగతి. దీని మీద ఎప్పుడు చర్చ వచ్చినా వినిపించే మాట, నౌకాదళం బలంగా ఉండాలని. మా స్టాఫ్ రూమ్‌లో మిలిటరీ నుంచి వచ్చిన ఒక మాస్టారు ఇదే వాదించేవారు. ఆయనతో నాకు పేచీ లేదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడ ఉండటం ఈ ఊరికి ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఆ పాఠం ఢిల్లీలో కూర్చున్నవాళ్ళు నేర్చుకోవాల్సింది. ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతేంటి? నా ఉద్దేశంలో 1942 చూపించిన అసలు లోపం, తెలిసినవాళ్ళకీ బాంబు పడే చోట ఉన్నవాళ్ళకీ మధ్య మాట లేకపోవడం. ఓడలు, విమానాలు ఎన్ని పెంచినా ఆ లోపం దానంతట అది పోదు.

1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధం దీనికి పూర్తిగా వేరు, అది నాకు స్వయంగా గుర్తుంది. అప్పుడు నేను చిన్నపిల్లల బడిలో ఉన్నాను. కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం. సైరన్ మోగితే ఏం చేయాలో బడిలోనే నేర్పారు. లైటు కనిపిస్తే వీధి పెద్దలు వచ్చి తలుపు కొట్టేవారు. మన విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ వైపు వెళ్ళిపోయినా, ఇక్కడే ఉన్నట్టు తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ శత్రువును నమ్మించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అది మన దెబ్బకు మునిగిందా, తను పెట్టిన మైన్‌కే పేలిందా అన్న వాదన ఇంకా తెగలేదు. నాకు ముఖ్యం అనిపించేది వేరే. నీళ్ళలో తేలుతున్న శకలాలను తెచ్చి చూపించినవాళ్ళు మన జాలర్లు. అప్పుడు ఊరు కూడా రక్షణలో భాగమే అయింది. 1942లో అదే జనాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అయితే నేర్చుకున్నది నిలబడిందా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు జనాన్ని లేపాల్సిన సైరన్ మోగలేదు. ఒకరి తలుపు ఒకరు కొట్టుకుని పరుగెత్తారు, పరుగెడుతూ రోడ్ల మీద పడిపోయారు. అది యుద్ధం కాదు, నిజమే. కానీ నిద్రలో ఉన్నవాళ్ళకి ఆ తేడా ఏముంటుంది? సరిగ్గా ఐదేళ్ళకి, 2025 మే 7న, దేశమంతటా ఆపరేషన్ అభ్యాస్ పేరుతో మాక్ డ్రిల్ పెట్టినప్పుడు విశాఖలో కూడా జరిపారు. పిల్లల్ని, ముసలివాళ్ళని ఎలా తరలించాలో చూపించారు, అది మంచి పని. మేముండే వీధిలో మాత్రం సైరన్ వినపడలేదు. ఫోన్లో మెసేజ్‌లు చూసి మొదలైందని తెలుసుకున్నాం. మా పక్కింటి తాతగారికి ఫోనే లేదు.

ఇది చేతకాని పని కాదని మన ఊరే చూపించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. జాలరిపేటల్లో మైకులు తిరిగాయి, వేలమందిని ముందే తరలించారు. తుఫానుకి ఉన్న ఆ అలవాటునే గ్యాస్ లీకులకీ యుద్ధానికీ వాడాలి. వార్డు సచివాలయం వాళ్ళ దగ్గర ఏ ఇంట్లో నడవలేనివాళ్ళు ఉన్నారో జాబితా ఉండాలి, డ్రిల్ ఒకసారి రాత్రిపూట కూడా పెట్టాలి, సైరన్ వినపడని వీధులేవో ఆ రాత్రే రాసుకోవాలి. మా వార్డులో ఈ మాట అర్జీగా రాసి ఇచ్చాను. మీరు విశాఖవాళ్ళే అయితే మీ వార్డులో కూడా ఇవ్వండి.