పన్నాలో పులులు మళ్లీ ఎలా నిలదొక్కుకున్నాయి?

అంతరించిన చోట పులుల్ని తెచ్చి వదిలితే సరిపోతుందా? సరిపోదు. మధ్యప్రదేశ్‌లోని పన్నా పులుల అభయారణ్యమే దీనికి ఉదాహరణ.

2009 నాటికి అక్కడ ఒక్క పులి కూడా మిగల్లేదు. ఆ మార్చిలో అదే రాష్ట్రంలోని బాంధవ్‌గఢ్, కాన్హా అడవుల నుంచి టీ1, టీ2 అనే ఆడపులుల్ని, నవంబరులో పెంచ్ నుంచి టీ3 అనే మగపులిని తెచ్చారు. అసలు చిక్కు మగపులితోనే వచ్చింది. పాత చోటికి తిరిగి వెళ్లిపోవాలనే స్వభావం పులుల్లో చాలా బలంగా ఉంటుంది. టీ3 కొద్ది రోజులకే పెంచ్ దిక్కుగా, దక్షిణానికి నడక పట్టింది. ఫీల్డ్ డైరెక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి బృందం దాని మెడకు కట్టిన రేడియో కాలర్ సంకేతాలను పట్టుకుని పొలాలు, ఊళ్ల మీదుగా వారాల తరబడి దాన్ని వెంబడించింది. చివరికి డిసెంబరులో మత్తు ఇచ్చి వెనక్కి తెచ్చింది.

మళ్లీ పారిపోకుండా చేసిన ఉపాయం మెచ్చుకోదగ్గది. ఆడపులి మూత్రాన్ని అడవిలో చల్లారు. మూత్రపు వాసనే పులులకు కబురు కదా! టీ3 అక్కడే ఆగి టీ1తో జతకట్టింది. 2010 ఏప్రిల్‌లో పిల్లలు పుట్టాయి.

ఈ ప్రయత్నంలో పులిని వదలడం ఒక్కరోజు పని. ఆ తర్వాత రేయింబవళ్లు దాని జాడ తీయడం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లను కలుపుకోవడం ఏళ్ల తరబడి సాగేవి.